కొత్త డ్రైవరు పక్క సీటు ఖాళీగా పంపకండి

విశాఖపట్నం లారీ యజమానులకు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల మేనేజర్లకు, రవాణా శాఖ అధికారులకు, పోర్టు యాజమాన్యానికి

అయ్యా,

హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడికి మరుసటి వారమే 12 టైర్ల బండి తాళం ఇచ్చి, కాటా చీటీ చేతిలో పెట్టి, సాలూరు మీదుగా రాయ్‌పూర్ పొమ్మనడం మన దగ్గర మామూలైపోయింది. గాజువాక, ఆటోనగర్, పోర్టు రోడ్ల మీద బండ్లు నడిపేవాళ్లం, బాగుచేసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. అడిగేది ఒక్కటే. మొదటి మూడు నెలలు కొత్త డ్రైవరును ఒంటరిగా పంపకండి.

ఒకప్పుడు పని నేర్చుకోవడం పూర్తయ్యాకే లైసెన్సు వచ్చేది. కుర్రాడు ముందు క్లీనరుగా ఎక్కేవాడు. టైర్లు కొట్టి చూడటం, పట్టా కప్పడం, తాళ్లు బిగించడం, రివర్సులో వెనక నిలబడి కేకెయ్యడం, ఘాట్‌లో గురువు ఏ మలుపు దగ్గర ఏ గేరు వేస్తున్నాడో చెవితో పట్టుకోవడం, ఇవన్నీ ఏళ్ల తరబడి సాగేవి. ఆ తర్వాతే ఖాళీ బండి స్టీరింగు చేతికొచ్చేది. కిరాయిలు గిట్టక చాలామంది ఓనర్లు క్లీనరును మానిపించారు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను కూడా 2018లో తీసేశారు. మీ ఖర్చుల లెక్క మాకు తెలియనిది కాదు. కానీ ఆ సీట్లో జరిగిన చదువుకు బదులుగా ఇప్పటిదాకా ఇంకేదీ రాలేదు.

లైసెన్సుకు చట్టం అడిగేది ఎంత? వయసు 20 నిండాలి, కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటాలి, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ ఉండాలి. హెవీ బండికి స్కూలు నేర్పాల్సింది కనీసం 30 రోజులు, అందులో స్టీరింగు మీద 15 గంటలు. 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనల్లో ఇది పాఠాలూ డ్రైవింగూ కలిపి ఆరు వారాలకు 38 గంటలైంది. ఆ గంటలన్నీ నిజంగానే జరిగాయనుకుందాం. అయినా స్టీరింగు మీద గడిచేవి ఖాళీ బండి గంటలే. 12 టైర్ల బండి ఖాళీగా పది, పదకొండు టన్నులుంటుంది. లోడెక్కితే 35 టన్నులు. అదే పెడలు, అదే స్టీరింగు, బండి మాత్రం వేరు. పైగా గాలి బ్రేకులో పెడలు తొక్కిన క్షణానికి బ్రేకు పడదు. గాలి గొట్టాల్లో పరుగెత్తి బ్రేకు ఛాంబరు నిండి లైనరు (రాపిడితో చక్రాన్ని ఆపే పట్టీ) చక్రం డ్రమ్ముకు ఆనేసరికి సుమారు అర సెకను పోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతున్న బండి ఆ అర సెకనులో 8 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. కారు అలవాటుతో వచ్చిన కుర్రాడు ఆ 8 మీటర్లను లెక్కలో వేసుకోడు. ముందు ఆటో ఆగిందంటే అక్కడే దొరికిపోతాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఘాట్ దిగడం. అనంతగిరి ఘాట్ కావచ్చు, సాలూరు దాటాక కోరాపుట్ వైపు ఎక్కేది కావచ్చు, కొత్తవాళ్లు ఎక్కేటప్పుడు భయపడి దిగేటప్పుడు ధైర్యంగా ఉంటారు. ఉండాల్సింది దానికి సరిగ్గా తిరగేసి. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే బండి ఆగిపోతుంది. దిగేటప్పుడు చేస్తే ఆగదు.

దిగువ మొదలవకముందే, చదునుగా ఉన్నచోట బండి ఆపాలి. గాలి గేజి 7, 8 బార్ల దగ్గర ఉందా చూడాలి. అన్ని చక్రాల దగ్గరా చేతిని డిస్కుకు (చక్రం మధ్య ఇనుప భాగానికి) ఆనించకుండా పక్కన పెట్టి వేడి చూడాలి. ఒక్కటి మాత్రమే వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉందన్నమాట. ఒక్కటి మాత్రమే చల్లగా ఉంటే అది పనిచెయ్యడం లేదన్నమాట, ఇది ఇంకా ప్రమాదం. ఆ తర్వాత గేరు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, లేదా ఇంకొకటి తక్కువ. దాన్ని పైనే వేసుకోవాలి. సగం దిగాక గేరు తగ్గించబోతే క్లచ్ తొక్కిన క్షణంలో బండి వేగం అందుకుంటుంది, కింది గేరు పడదు, పాత గేరులోకి తిరిగి వెళ్లదు, బండి న్యూట్రల్‌లో మిగులుతుంది. ఘాట్‌లో బండ్లు చేజారే తీరుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

ఇంజన్ పొగను అడ్డి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఆన్ చేసి ఇంజన్ చేత బండిని పట్టించాలి. వేగం అనుకున్న దానికంటే పెరిగితే కాలి బ్రేకు గట్టిగా తొక్కి, గంటకు ఓ పది కిలోమీటర్ల వేగం తగ్గించి, పూర్తిగా వదిలెయ్యాలి. ఆ వదిలిన వ్యవధిలోనే డ్రమ్ము చల్లబడుతుంది. పెడలు మీద కాలు మెత్తగా ఆనించి పెట్టుకుని దిగడం కొత్తవాళ్లకు సహజంగా వచ్చే అలవాటు. పది నిమిషాల్లో డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది, లైనరు నుంచి దూరం జరుగుతుంది, లైనరు పైపొర గాజులా మెరుపెక్కి పట్టు పోతుంది. తొక్కినా బ్రేకు పడటం లేదని మళ్లీ మళ్లీ కొడతాడు. కొట్టిన ప్రతిసారీ ట్యాంకులో గాలి తగ్గుతుంది. 5 దరిదాపుల్లోకి దిగి బజరు మోగిందంటే, ఇంకా తగ్గేకొద్దీ వెనక స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. తడి మలుపులో వెనక చక్రాలు బిగుసుకుపోతే బండి ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాలిన వాసన వస్తే ఆగే చోటు చూసుకుని ఆగాలి. చక్రాలకు చెక్క ముక్కలు వెయ్యాలి. డ్రమ్ము మీద నీళ్లు పొయ్యకూడదు, పగులుతుంది. చెక్క లేక రాయి పెడితే, కదిలే ముందు ఆ రాయి తీసి పక్కన పడెయ్యాలి. రాత్రి వచ్చే మోటారు సైకిలు వాడికి అదే యముడు.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపమని చెప్పే ఓనర్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఈ మాట వాళ్లకు మీరే చెప్పండి. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే ఇంజెక్టర్లు డీజిల్ వెయ్యడమే మానేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్ వల్ల పొదుపూ లేదు, ఇంజన్ బ్రేకూ లేదు. తాళం కూడా తిప్పి ఇంజన్ ఆపేస్తే కంప్రెసరు, పవర్ స్టీరింగు రెండూ పోతాయి.

ఘాట్ విషయంలో ఇంత రాయడానికి కారణం ఉంది. ఈ పని పుస్తకం చూసి రాదు, ఫోన్‌లో చెప్పినా రాదు. మొదటిసారి గురువు నడుపుతుంటే కుర్రాడు పక్కన కూర్చుని చూడాలి. తర్వాత కుర్రాడు నడుపుతుంటే గురువు పక్కనుండాలి. ఆ తర్వాతే ఒంటరిగా.

ఊళ్లో రోడ్ల సంగతి వేరు. షీలానగర్ నుంచి పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్ దగ్గర, సింధియా, మల్కాపురం మీదుగా పోయేటప్పుడు కొత్త డ్రైవరుకు కనపడనిది ఎడమ పక్క. స్టీరింగు కుడివైపు, క్యాబిన్ ఎత్తు. ఎడమ తలుపు కింద ఒక స్కూటరు మొత్తంగా దాక్కుంటుంది. ట్రైలరు ఎడమకు తిరగాలంటే ముందు కొంచెం కుడికి ఒరగాలి, ఎందుకంటే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి కుడికి ఒరగగానే ఎడమ పక్క ఖాళీ కనపడి స్కూటరువాడు అందులో దూరతాడు. ఇండికేటరు ముందే వేసి, తిరగబోయే ముందు ఎడమ అద్దం చూసి, సగం తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి. ఆ రెండో చూపు నేర్పేవాళ్లు లేరు. పోర్టు రోడ్ల మీద రాలిన బొగ్గు పొడి, ఖనిజం దుమ్ము మొదటి చినుకులకు బురద జిగురవుతుంది. గట్టి వాన కంటే ఆ మొదటి పావుగంటే ఎక్కువ జారుడు. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ఖాళీ కంటైనర్ ఎక్కించి పంపకండి. 40 అడుగుల ఖాళీ పెట్టె బరువు సుమారు నాలుగు టన్నులే, గాలికి ఎదురు నిలిచే గోడ మాత్రం పెద్దది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలిని చూసిన ఊరు మనది.

లోడు కట్టడం గురించి. కంటైనర్‌కు నాలుగు మూలలా, దాన్ని ట్రైలరుకు బిగించే ట్విస్ట్ లాకులుంటాయి. ట్రైలరు మీద రెండు 20 అడుగుల పెట్టెలుంటే ఎనిమిది. పెట్టె ఒరిగితే అదొక్కటే పడిపోతుంది, బండి మిగులుతుంది అని లాకులు తిప్పకుండా వదిలేసే పద్ధతి ఒకటి కొత్తవాళ్ల చెవిన పడుతుంది. అది పూర్తిగా తప్పు. లాకు వేసి ఉంటే పెట్టె బరువు, ట్రైలరు బరువు ఒకటై నిలబడతాయి. లాకు లేని పెట్టె, నిలబడగలిగే వేగంలో కూడా జారి పక్కవాడి మీద పడుతుంది. స్టీలు ప్లాంటు గేటు దాటి కూర్మన్నపాలెంలో హైవే ఎక్కే కాయిల్ (చుట్టిన ఉక్కు) బండి ఇంకో రకం. కాయిల్‌కు రెండు వైపులా చెక్క అడ్డుముక్కలు బిగించి, మధ్య రంధ్రంలోంచి గొలుసు వేసి, బైండరుతో లాగాలి. 20, 30 కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ బిగించాలి. కుదుపులకు చెక్క నలిగి గొలుసు వదులవడం మామూలే. బ్రేకు కొట్టినప్పుడు కాయిల్ ముందుకు వస్తే దాని దారిలో ఉండేది డ్రైవరే. ఊచల సంగతి మీకు తెలిసిందే. 12 మీటర్ల ఊచలను పొట్టి బాడీ మీద ఎక్కించి వెనక్కి వదిలెయ్యడం చట్టం ఒప్పుకోదు. ట్రైలరు లేకపోతే ఆ లోడు తీసుకోకండి.

ట్రాక్టరుకు (ట్రైలరును లాగే ముందు బండికి) ట్రైలరు తగిలించాక ఒక్క పని మర్చిపోకూడదు. రెండింటినీ కలిపే కింగ్ పిన్ లాకైందో లేదో కంటితో చూడాలి. ట్రైలరు బ్రేకు వేసి ఉంచి, చిన్న గేరులో మెల్లగా ముందుకు లాగి చూడాలి. ఆ తర్వాతే ట్రైలరు ఇనుప కాళ్లు ఎత్తాలి. టిప్పరుకైతే, బాడీ దించాక పీటీవో (ఇంజన్ శక్తితో బాడీని లేపే గేరు) తీశాడా లేదా అన్నది చూడాలి. బాడీ తెలియకుండా లేచి కరెంటు తీగల్లో పడిన సంఘటనలకు కారణం ఎక్కువగా ఇదే.

పొద్దున్న బండి తియ్యబోయే ముందు చుట్టూ ఒక తిరుగుడు తిరగాలి. నట్లు చూడమంటే కుర్రాళ్లు పానా పట్టుకుంటారు. ముందు కళ్లు చాలు. నట్టు కింద నుంచి డిస్కు మీదికి తుప్పు రంగు గీత సన్నగా జారి ఉంటే ఆ నట్టు వదులైంది, లోపల లోహం రాసుకుంటోంది. టైరు మార్చిన బండికి 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఆపి నట్లన్నీ మళ్లీ బిగించాలి, ఎదురెదురు నట్ల వరసలో. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుని ఉంటే తీసెయ్యాలి. అది వేగంలో ఊడితే వెనక వచ్చేవాడి అద్దంలోకి బుల్లెట్టులా పోతుంది. లోపలి టైరు గాలి చూడటం కష్టం కాబట్టి ఎవరూ చూడరు. అందులో గాలి తగ్గితే బరువంతా బయటి టైరు మీద పడి అది పేలుతుంది. తప్పు బయటి టైరుదని రాసుకుంటారు. గాలి కొలిచేది టైరు చల్లగా ఉన్నప్పుడే. దారిలో వేడెక్కి పెరిగిన గాలిని వదిలేస్తే, చల్లారాక టైరు తక్కువ గాలితో మిగులుతుంది. ఎయిర్ ట్యాంకుల కింద వాల్వు లాగి నీళ్లు వదలాలి. నీళ్లతో పాటు నూనె వస్తే కంప్రెసరు చూపించాలి.

బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లతో కొత్త తలనొప్పులొచ్చాయి. పొగను శుభ్రం చెయ్యడానికి విడి ట్యాంకులో పోసే యూరియా ద్రవం మూత నీలం రంగులో ఉంటుంది. పొరపాటున యూరియా డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకూడదు. తిప్పితే పంపు దాన్ని ఇంజెక్టర్ల దాకా లాగేస్తుంది, ట్యాంకు కడిగితే పోయే పని లక్షల్లోకి వెళ్తుంది. సైలెన్సరు మసి కాల్చుకునే రీజనరేషన్ దీపం వెలిగితే ఇంజన్ ఆపకుండా దాన్ని పూర్తి కానివ్వాలి. అయితే బొగ్గు యార్డులో, రిఫైనరీ దగ్గర, ఎండు గడ్డి మీద బండి ఉన్నప్పుడు కాదు. అక్కడ ఆపే స్విచ్ నొక్కి, బయటికొచ్చాక చేయించాలి. ఎక్కడ ఏ స్విచ్ ఉందో బండి అప్పగించే రోజే చూపించండి. పది నిమిషాల పని.

ఇక యజమానులతో మనసు విప్పి ఒక మాట. టైరు పేలితే జీతంలో కోత, క్లచ్ ప్లేటు పోతే కోత, అద్దం పగిలితే కోత పెడుతున్నారు. దీనివల్ల డ్రైవరు జాగ్రత్త పడతాడని మీ ఉద్దేశం. షెడ్డులో మాకు కనపడేది వేరు. కోత భయంతో కుర్రాడు తప్పు దాస్తాడు. బ్రేకు ఒకవైపు లాగుతోందని చెప్పడు, చెబితే తానే పాడుచేశాడంటారని. ఎర్ర దీపం మీద టేపు అంటించుకుని వచ్చిన బండ్లు మా దగ్గరికి వస్తున్నాయి. వందల్లో పోయే రిపేరు వేలల్లోకి, వేలల్లోది ప్రాణం మీదికి పోయేది ఇలాగే. మొదటి మూడు నెలలు ఏ కోతా లేదని, తేడా కనపడగానే చెప్పినవాణ్ని ఏమీ అనబోమని తాళం ఇచ్చేటప్పుడే చెప్పండి.

ఓవర్ లోడు కూడా వాళ్ల మీద పెట్టకండి. జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. డ్రైవరు ఓనరు కానప్పుడు, అది ఓనరుకు తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ చెబుతోంది. కాటా చీటీ చూసి లోడు దించమని అడిగే ధైర్యం కొత్త కుర్రాడికి ఉండదు. ఆ ఫోను మీరే చెయ్యాలి.

నిద్ర సంగతి. చట్టం ప్రకారం రోజుకు 8 గంటల పని, వరసగా 5 గంటలు దాటితే కనీసం అరగంట విశ్రాంతి. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన గడువు ఇస్తారు. గేటు దగ్గర వరసలో రాత్రంతా మేలుకున్నవాడికి పొద్దున్న లోడు దొరికితే, బిల్లు గడువు దాటిపోతుందని అక్కణ్నుంచే బయల్దేరతాడు. గడువుకు 8 గంటలు ముందూ 8 గంటలు వెనకా బిల్లు పొడిగించుకోవచ్చన్న సంగతి చాలామంది కొత్తవాళ్లకు తెలియదు. ఆఫీసులో కూర్చున్నవాళ్లు రెండు నిమిషాల్లో చేసే పని అది. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య కొత్త డ్రైవరు చేత బండి నడిపించకండి. ఆ వేళ కళ్లు తెరిచి ఉన్నా మనిషి ఉండడు.

ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో కూడా వాళ్లకు ఎవరూ చెప్పరు. గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యత. జనం మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే చట్టం మినహాయింపు ఇస్తుంది, కానీ 24 గంటల్లోపు పోలీసులకు తెలియజెయ్యాలి. 108, 112, హైవే మీదైతే 1033, వీటితో పాటు మీ నంబరు కూడా క్యాబిన్‌లో కంటికెదురుగా రాయించండి. కంగారులో ఫోన్‌లో వెతుక్కునే స్థితి ఉండదు.

రవాణా శాఖవారికి మా విన్నపం. డ్రైవింగ్ స్కూళ్లు ఫారం 5 (శిక్షణ సర్టిఫికెట్) ఇచ్చేటప్పుడు ఆ గంటలు నిజంగా నడిపించాయా అన్నది చూడండి. హెవీ పరీక్షలో గాలి బ్రేకు తనిఖీ, అద్దాలు చూసి రివర్సు కొట్టడం తప్పనిసరి చెయ్యండి. బ్రేకు ఇన్‌స్పెక్టర్లు బండి ఆపినప్పుడు కాగితాలతో పాటు నట్లూ గొలుసులూ చూసి, తేడా ఉంటే ఆ కుర్రాడికి చూపిస్తే మేలు.

పోర్టు యాజమాన్యం బయటికెళ్లే గేటు దగ్గర ట్విస్ట్ లాకులు, గొలుసులు, పట్టా చూశాకే బండిని వదలాలి. లైసెన్సు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ చూసే చోటే ఇవీ చూడొచ్చు. వరసలో ఆగే బండ్లకు నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి, కాళ్లు చాపుకునే జాగా సరిపడా ఉండాలి.

మూడు నెలలు ఎలా గడవాలన్నది మా అంచనా ఇది. మొదటి నెల పోర్టుకూ యార్డులకూ మధ్య పగటి ట్రిప్పులు, ముందు ఖాళీగా, తర్వాత సగం లోడుతో. రెండో నెల పూర్తి లోడుతో చదును రోడ్డు మీద, అటు శ్రీకాకుళం వైపో ఇటు రాజమండ్రి వైపో. మూడో నెల ఘాట్, రాత్రి ప్రయాణం. అన్నిటా పక్కన ఒక గురువు ఉండాలి. కుర్రాడు త్వరగా పట్టుకుంటే కొన్నాళ్లు తగ్గించండి, పట్టుకోకపోతే పెంచండి. ఆ నిర్ణయం గురువుకే వదిలెయ్యండి.

కళ్లు మందగించో, నడుం నొప్పో వచ్చి లాంగు లైన్లు మానేసిన పెద్ద డ్రైవర్లు గాజువాకలోనూ ఆటోనగర్‌లోనూ చాలామంది ఉన్నారు. స్టీరింగు పట్టలేకపోయినా పక్క సీట్లో కూర్చుని నేర్పగలరు. రోజు బత్తా, భోజనం మీరు చూసుకుంటే మనుషుల్ని మేం కుదురుస్తాం. ముందుగా ఈ నెలలో కొత్తవాళ్లకు బండి ఇవ్వబోతున్న ఓనర్లు కబురు చెయ్యండి. ఆ బండ్ల బ్రేకులు, టైర్లు తాళం ఇచ్చే ముందు రోజు ఆ కుర్రాడి ఎదుటే విప్పి చూపించడానికి మా మెకానిక్‌లు కూలి తీసుకోరు.

ఇట్లు,
గాజువాక, ఆటోనగర్, పోర్టు రోడ్డు ప్రాంతాల లారీ డ్రైవర్లు, మెకానిక్‌లు
విశాఖపట్నం